దుకాణం పెరుగుతున్న సాయంత్రం

ఇక్కడే కూర్చో బేటీ, ఇప్పుడే వస్తాను అని చీరల దుకాణం దశరథ్ లాలా వెనక గదిలోకి వెళ్ళాడు. ఎక్కడ కూర్చోను, చీరలు చూసేవాళ్ళ కోసం తెల్ల దుప్పట్లు పరిచి ఉండే పరుపులన్నీ చుట్టలు చుట్టి, తాళ్ళు బిగించి, గోడకు నిలబెట్టి ఉన్నాయి, స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, అందుకని వీధివైపు అద్దాల అరలోకి ఎక్కి చీరలు కట్టే బొమ్మల మధ్య అంచు మీద ఒదిగి కూర్చున్నాను. బొమ్మలకు ఇప్పుడు చీరలు లేవు. మహేష్ భయ్యా, పొద్దస్తమానం చీరలు విప్పి భుజాన వేసుకుని చూపించే మనిషి, ఒక్కొక్క బొమ్మనీ నడుము దగ్గర పట్టుకుని, గుండుసూదులు పీకి పెదాల మధ్య పెట్టుకుంటూ, చీర లాగి మడత పెట్టేస్తున్నాడు. వీధిలో నుంచి చూసినప్పుడల్లా ఈ బొమ్మలు పెళ్ళికి బయల్దేరిన ఆడవాళ్ళలాగే ఉండేవి. దగ్గరికి వస్తే మెడ దాకానే రంగు వేశారు, మెడ కింద ఒట్టి సుద్ద, నడుము కింద అదీ లేదు, ఒక ఇనప కడ్డీ. దుకాణం పెంచేటప్పుడు ఇలాగే ముందు అన్నీ విప్పేస్తారు కాబోలు, ఇంటికి సున్నం వేసేటప్పుడు మనం సామాను వాకిట్లో పెట్టుకోమూ, అలాగే.

పెంచడమనే మాట లాలాయే అన్నాడు. దసరా ముందు ఒక మధ్యాహ్నం నేను ఫాల్స్ కుట్టి తెచ్చిన చీరల మూట దించుతుంటే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దివాలీ పే దుకాన్ బఢా రహా హూఁ, ఇంద్రాణీ బేటీ. ధన్‌తేరస్ కో ఆ జానా, తుమ్హారీ భీ బాత్ కర్ లేంగే," అన్నాడు. దీపావళికి దుకాణం పెంచుతున్నాను, ధన్‌తేరస్ నాడు రా, నీ సంగతి కూడా మాట్లాడుకుందాం. బఢానా అంటే పెంచడం. నా హిందీ అంతా క్వార్టర్స్‌లో ఆడవాళ్ళ దగ్గరా టీవీ దగ్గరా ఏరుకున్నదే అయినా ఆ మాట నాకు బాగా తెలుసు, గ్యాస్ ధర బఢ్ గయీ, చక్కెర ధర బఢ్ గయీ, వేసవి నుంచీ బజారులో అదే మాట. అన్నీ పెరిగాయి, ఆఖరికి పెరగాల్సిందొకటి పెరుగుతోంది అని లోపల నవ్వుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయనకు తెలుగులో చెప్పాను, లాలా దుకాణం పెంచుతున్నాడు, అందులో ఒక మూల నాకు కుట్టు మిషన్ వేస్తాడు అని. మిషన్ సంగతి లాలా అనలేదు. అది నేనే పక్కన అతికించి కుట్టాను.

మా ఆయన పేరు చెన్నకేశవులు, మిలిటరీ సిగ్నల్స్‌లో నాయక్. కాశ్మీరుకు పోస్టింగ్ వచ్చింది, అక్కడికి ఇంటివాళ్ళను తీసుకుపోనివ్వరు, ఈ ఢిల్లీ కంటోన్మెంటులో క్వార్టర్ ఖాళీ చేయాలి. రేపు పొద్దున సుబేదార్ సాబ్‌కి ఒక మాట చెప్పాలి, ఫ్యామిలీ ఊరికి పోతుందా, బయట గది తీసుకుని ఇక్కడే ఉంటుందా. ఊరికైతే టికెట్టు డబ్బు లేకుండా రైలు వారెంట్ రాసిస్తారు. ఇక్కడైతే ఆయన పంపేది ఊరికీ ఇక్కడికీ చాలదు, నా తిండీ గదీ నేను సంపాదించుకోవాలి, కంటోన్మెంటును ఆనుకుని ఉన్న పల్లెలో గది ఒకటి చూసి కూడా వచ్చాం, అద్దె ఇవ్వలేదు, మాటే ఇవ్వలేదు, అంతా ఈ దుకాణం పెరగడం మీద ఆగి ఉంది. ఆయన డ్యూటీ దిగి నన్ను తీసుకెళ్ళడానికి ఇటే వస్తాడు. ఆ లోపల లాలా వచ్చి, నీ మిషన్ ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాలి.

అద్దం అవతల సదర్ బజార్ కిటకిటలాడుతోంది. ధన్‌తేరస్ నాడు ఈ ఊళ్ళో లోహపు వస్తువు ఏదో ఒకటి కొని ఇంటికి తీసుకుపోవాలి, మనకు లేదు ఆ పట్టింపు, ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పోయినేడాది ఈపాటికి ఇత్తడి బిందెలు జనం తలల మీదుగా వెళ్తుండేవి, కుక్కర్ పెట్టెలు స్కూటర్ల వెనక కట్టుకుని పోయేవాళ్ళు. ఈ ఏడు రూపాయిని తగ్గించారని రేడియోలో చెప్పారు, రూపాయిని ఎలా తగ్గిస్తారో నాకు తెలియదు, కొంగు ముడిలోది అలాగే ఉంది, దాన్ని తీసుకునేవాళ్ళ ముఖమే మారింది. మనుషులు మాత్రం తగ్గలేదు, అంతమందీ వచ్చారు, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మెల్లగా, వరసగా, ఎవరో తోలుతున్నట్టు నడుస్తున్నారు. ప్రతి దుకాణం ముందూ ఆగుతారు. చెయ్యి చాపి తాకుతారు. ఒకాయన స్టీలు బిందె చుట్టూ వేలు తిప్పి, మూతి దగ్గర ముఖం పెట్టి చాలాసేపు లోపలికి చూసి, ఒక్క చెంచా కొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెంచా కూడా లోహమే. అందరి చేతుల్లోనూ సంచులున్నాయి, మొదట అది చూసి సంబరపడ్డాను, తర్వాత కనిపించింది, వాటి మీద దుకాణాల పేర్లు పోయినేటి రంగులో ఉన్నాయి, మడతల దగ్గర తెల్లబడి, గాలికి వాటి పొట్టలు లోపలికి అతుక్కుపోతున్నాయి. ఖాళీ చేతులతో ఎవరి కంటా పడకుండా ఇంట్లో దాచిన సంచులు పట్టుకొచ్చారు. పాటలున్నాయి, గొంతులున్నాయి, సీరియల్ బల్బులు వెలిగి ఆరుతున్నాయి, కాయితం చింపి పొట్లం కట్టే చప్పుడు ఒక్కటే లేదు. గడపల పక్కన యముడి కోసం దక్షిణం వైపు తిప్పి పెట్టిన దీపాలు ఆ నడిచేవాళ్ళ బట్టల గాలికి వంగి లేస్తున్నాయి.

అయినా నాకు పని పెరిగింది, అందుకే నమ్మాను. వానాకాలం వెళ్ళినప్పటి నుంచీ ఎన్నడూ లేనంత పని. కొత్త చీరలు కావు, పాతవి. బీరువా అడుగున ఉన్న చీర తీసుకొచ్చి, పాత ఫాల్ పీకించి కొత్తది వేయించి, పాలిష్ పట్టించి, లాలా దుకాణం అట్టపెట్టెలో పెట్టించుకుని పండక్కి ఆడపడుచుకో వియ్యపురాలికో ఇచ్చేస్తారు. ఒట్టి అట్టపెట్టె ఇస్తే చాలు భాయీ సాబ్ అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. పాత ఫాల్ విప్పితే మడతలో ఆ ఇంటి దుమ్ము ఉంటుంది, వెంట్రుక, బియ్యపు గింజ, ఒకసారి ఎండిన తులసాకు. ఒక్కోటి విప్పేటప్పుడు ఎవరో నిద్రపోతున్న మనిషి కాళ్ళ దగ్గర కూర్చున్నట్టు ఉండేది. ఆకుపచ్చ చీర ఒకటి, మామిడి పిందెల అంచుది, మూడుసార్లు మూడిళ్ళ నుంచి వచ్చింది, మూడోసారి కత్తెర పెట్టబోతే కుట్టు నాదే. కట్టిన మరక లేదు, కుచ్చిళ్ళ గీత లేదు, ఎవరూ కట్టుకోలేదు, అయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే మూడు వంటిళ్ళ వాసన. కుట్టు విప్పి మళ్ళీ కుట్టి పంపాను. రోజూ ఇంత పని వచ్చే దుకాణం పెరగక ఏమవుతుంది.

ఊరికి పోవడమంటే గిద్దలూరు దగ్గర మా అత్తగారి ఊరికి పోవడం. పెళ్ళయ్యాక క్వార్టర్ దొరికేదాకా అక్కడే ఉన్నాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, వేళకు అన్నం పెట్టారు. పేరు పెట్టి పిలవలేదు, అంతే. అత్తగారు గోడతో అన్నట్టు నీళ్ళు తోడలేదేమో అనేది, నేను లేచి తోడేదాన్ని. తోటికోడలు అదెక్కడుంది అనేది, అది అంటే నేను. మొదట్లో జవాబు చెప్పేదాన్ని. తర్వాత తర్వాత నోరు తెరిస్తే మాట ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చేది, కొన్నాళ్ళకు రావడం మానేసింది. ఆయన సెలవు మీద వచ్చి వాకిట్లో నిలబడి ఇంద్రా అని పిలిస్తే ఎవరిని పిలుస్తున్నాడా అని నేను వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన భయం ఇంకా గుర్తుంది, పాడుబడ్డ ఇంట్లోకి తొంగి చూసినవాడి ముఖంలా ఉంది. ఢిల్లీ తీసుకొచ్చాక కొన్నాళ్ళకు, కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలు తూచాడని వాడితో గట్టిగా పోట్లాడాను. ఆయన లోపల గడ్డం గీసుకుంటున్నవాడు సగం నురగ ముఖంతో బయటికి వచ్చి, గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నాడు.

అద్దం దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు, అత్తాకోడళ్ళు కావచ్చు. ముందు బొమ్మల్ని చూశారు, తర్వాత నన్ను. పెద్దామె వేలితో నా కొంగు అంచు చూపించి ఏదో అంది, అద్దం వల్ల మాట వినపడలేదు, పెదాలే కదిలాయి. కోడలు వంగి నా కుచ్చిళ్ళ దగ్గర ధర చీటీ కోసం వెతికింది. తర్వాత భుజం దగ్గర, తర్వాత మెడ దగ్గర. ఆమె చూపు నా ముఖం మీదుగా పోయింది గానీ ముఖం మీద ఆగలేదు. ఇది అమ్మేది కాదమ్మా, కట్టుకున్నది అని చెప్పాలనిపించి నోరు తెరిచాను. మాట ఒక్క క్షణం ఆలస్యమైంది. నా చెయ్యి పైకి లేపాను. కోడలు ఒక అడుగు వెనక్కి వేసింది, ఇద్దరూ నవ్వుకుంటారనుకున్నాను, నవ్వలేదు, తలలు వంచుకుని జనంలో కలిసిపోయారు.

"మహేష్ భయ్యా," అని పిలిచాను, గొంతు ఉందో లేదో చూసుకోవడానికే. భయ్యా, అని ఖాళీ అరలు తిరిగి అన్నాయి.

"క్యా దీదీ, ఆప్ భీ షో కేస్ మే లగ్ గయీ? దామ్ లిఖ్ దూఁ?" సూదులు పంటి కింద పెట్టుకునే అన్నాడు. నిన్నూ అరలో పెట్టేశారా, ధర రాయనా అని.

"లిఖో. సస్తా మత్ లిఖ్‌నా," అన్నాను. చవగ్గా రాయకు.

"సస్తా లిఖూఁ తో భీ ఇస్ సాల్ కౌన్ లేగా." చవగ్గా రాసినా ఈ ఏడు కొనేదెవరు అని, ఆఖరి మూట భుజాన ఎత్తుకున్నాడు. బయట టెంపో ఆగి ఉంది.

"యే సబ్ మాల్ కహాఁ జా రహా హై?" ఈ సరుకంతా ఎక్కడికి పోతోంది అని అడిగాను.

"జహాఁ సే ఆయా థా, దీదీ." వచ్చిన చోటికే. గుమ్మంలో ఒకసారి ఆగి, "కహా సునా మాఫ్," అన్నాడు, ఏమైనా అని ఉంటే మనసులో పెట్టుకోకు అని. రేపు మళ్ళీ కనపడే మనిషి అంత మాట ఎందుకన్నాడో, అడిగేలోపే టెంపో కదిలింది.

అతను వెళ్ళాక దుకాణం నిజంగానే పెరగడం మొదలుపెట్టింది. చీరలు నిండి ఉన్నప్పుడు ఆ చివరి గోడ చెయ్యి చాపితే అందేట్టు ఉండేది, ఇప్పుడు అరలు ఒక్కొక్కటే లోపలికి జరిగి, వాటి వెనక ఇంకా చోటుందని, ఆ చోటు వెనక ఇంకొంత ఉందని చూపిస్తున్నాయి. ట్యూబులైటు వెలుగు అక్కడిదాకా పోవడం లేదు. నా మిషన్ ఎక్కడ వేస్తే బాగుంటుందా అని చూశాను, ఈ మూల వేసినా ఆ మూల వేసినా వేలెడంత కనపడుతుంది, దాని ముందు కూర్చున్న నేను ఇంకా చిన్నగా కనపడతాను, పాదం ఆడుతున్నట్టు కనపడుతుంది గానీ చప్పుడు వినపడదు. లోపల గదిలో లాలా ఏదో జరుపుతున్నాడు, ఆ చప్పుడు రావాల్సిన వైపు నుంచి కాక నా వెనక వీధి వైపు నుంచి వచ్చినట్టు ఉంది. నేను అర దిగి నేల మీద నిలబడ్డాను.

లాలా స్వెటర్ తొడుక్కుని తాళం పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి, ఉన్నావా ఇంకా అన్నట్టు ఆగాడు.

"ఆయా తుమ్హారా ఆద్మీ?" మీ ఆయన వచ్చాడా అని.

"ఆతా హోగా, లాలాజీ." వస్తూ ఉంటాడు.

"అచ్ఛా. తబ్ తక్ దియా బఢా దో బేటీ, మైఁ షటర్ దేఖ్‌తా హూఁ."

గూట్లో లక్ష్మీ గణపతుల పటం ముందు మట్టి ప్రమిద వెలుగుతోంది. మీ ఆయన వచ్చేలోపు ఆ దీపం పెంచు, నేను షటర్ చూసుకుంటాను అన్నాడు, ఎంత మంచి మాట అనుకున్నాను, కొత్త పని మొదలుపెట్టే ముందు నా చేత్తో దీపం పెద్దది చేయిస్తున్నాడు, ఇక నా సంగతి చెప్తాడు. పక్కనున్న సీసాలో నూనె ప్రమిద అంచుదాకా పోశాను, తలలో పిన్ను తీసి వత్తి పైకి ఎగదోశాను. మంట జానెడు లేచింది. దుకాణం అంతా పసుపు వెలుగు పాకింది, అరలో ఉన్న బొమ్మల నీడలు ఒక్కసారిగా లేచి, గోడల మీద తలలు పైకప్పు దాకా సాగి నిలబడ్డాయి, వాటి నీడలకు మాత్రం చీరలు ఉన్నట్టే ఉంది.

లాలా షటర్ దగ్గర నుంచి తిరిగి చూశాడు. "యే క్యా కియా?" ఇదేం చేశావ్ అని.

"ఆప్ నే కహా, బఢా దో. బఢా దియా." మీరే పెంచమన్నారు, పెంచాను.

ఆయనకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది, చుట్టిన పరుపు మీద కూర్చుండిపోయాడు. "అరే పగ్లీ. దియా బుఝానా కౌన్ కహతా హై. దుకాన్ బంద్ కర్‌నా కౌన్ కహతా హై. బఢానా కహతే హైఁ." దీపం ఆర్పమని ఎవరంటారు, దుకాణం మూస్తున్నామని ఎవరంటారు, నోటితో అశుభం పలకకూడదు కాబట్టి పెంచడమంటాం. మా నాన్న రోజూ సాయంత్రం ఆ మాట అనే తాళం వేసేవాడు, నేనూ అంతే. నువ్వెప్పుడూ మధ్యాహ్నం వచ్చి మధ్యాహ్నమే పోయేదానివి, నీకెలా తెలుస్తుంది అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వు వల్ల వచ్చిన నీళ్ళో కావో తెలియలేదు. "ఇస్ బార్ హమేషా కే లియే బఢా దీ." ఈసారి ఎప్పటికీ పెంచేశాను. నీ పని మంచిదని నాలుగు దుకాణాల వాళ్ళకు చెబుదామని రమ్మన్నాను బేటీ, వెళ్ళి చూస్తే వాళ్ళూ పెంచేసే వరసలోనే ఉన్నారు.

నాకు తెలిసి ఉండాల్సింది. మా అమ్మ బియ్యం డబ్బా అడుగున సోల గీరుతూ బియ్యం నిండుకున్నాయే అనేది, చిన్నప్పుడు నేను పరిగెత్తుకెళ్ళి తొంగి చూసేదాన్ని, డబ్బా నిండా ఉంటాయని, లోపల నా ముఖం నీడ తప్ప ఏమీ ఉండేది కాదు. దీపం ఆరితే కొండెక్కింది అనేది, నేను చీకట్లో కొండవైపు చూసేదాన్ని. పుట్టినప్పటి నుంచీ వింటూ కూడా ఇంకో భాషలో అదే మాట ఎదురొస్తే గుర్తుపట్టలేకపోయాను. గ్యాస్ ధర పెరిగిందంటే నిజంగా పెరగడం, దుకాణం పెరిగిందంటే లేకపోవడం, రెంటికీ ఒకటే మాట పెట్టుకుని ఇంతమంది ఎలా తిరుగుతున్నారు, బయట ఆ సంచులవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. గూట్లో మంట ఇంకా జానెడు ఎత్తున నిలబడి ఉంది. ఆర్పనా అని అడగబోయి, ఏ మాట వాడాలో తెలియక ఊరుకున్నాను. లాలా చూసి, "రహ్‌నే దో. జల్‌నే కో అబ్ హై హీ క్యా," అన్నాడు. ఉండనీ, లోపల కాలడానికి ఏముంది ఇక. తాళం అక్కడే పెట్టి, బల్లల అడుగున ఏదైనా మిగిలిందేమో చూడ్డానికి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

అప్పుడు మా ఆయన వచ్చాడు, టోపీ చంకలో పెట్టుకుని, చుట్టూ చూస్తూ.

"అబ్బ, అప్పుడే పని మొదలుపెట్టినారే. యా గోడ పగలగొడతాడంట?"

ఆయనే కుడివైపు గోడ దగ్గరికి పోయి వేళ్ళ కణుపులతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "అవతల ఏముంది?"

"గిన్నెల అంగడి ఉండె. ఎండాకాలంలో పోయినారు."

"అదీ ఖాళీనే కదా. డొల్లగా మోగుతాంది. ఇంకేం, రెండూ కలిపేస్తాడు." ఆయన ముఖం తేటగా ఉంది, ఇన్నాళ్ళకు. "పొద్దున్నే సుబేదార్ సాబ్‌కి చెప్పల్ల. లాలా ఏమన్న్యాడో అన్న మాట అన్నట్టే చెప్పు."

అన్న మాట తెలుగులో పెంచుతున్నాడని చెబితే ఆయన ఈ ముఖంతోనే రైలెక్కుతాడు. హిందీలో చెబితే తెలిసిపోతుంది, పదేళ్ళుగా బ్యారక్‌లలో సాయంత్రాలు లాంతరు ఆర్పేటప్పుడు ఆ మాట విన్న మనిషి. తెలిసిపోతే వారెంట్ రాయిస్తాడు, వాకిలి, గోడతో మాట్లాడే అత్తగారు, అదెక్కడుంది. నోరు తెరిచాను. మాట ఆలస్యమైంది, క్షణం కంటే ఎక్కువే ఆలస్యమైంది, ఆయన గోడ మీద నుంచి తల తిప్పి నా పెదాల వైపు చూడటం మొదలుపెట్టాడు, ఆ చూపులో పాడుబడ్డ ఇంట్లోకి తొంగి చూసిన పాత భయం కదిలింది.

"దుకాన్ బఢా రహా హూఁ," అన్నాను. "అట్ల అన్న్యాడు."

గోడ మీద ఆయన చెయ్యి ఆగింది. బొమ్మల్ని చూశాడు, చుట్టిన పరుపుల్ని చూశాడు, గూట్లో మంటను చూశాడు.

"అట్లనే అన్న్యాడా?"

"అట్లనే."

చెయ్యి కిందికి దించి టోపీ పెట్టుకున్నాడు. "పా," అన్నాడు, అంతే. ఊరికా ఇక్కడా అనే మాట ఆయన ముఖంలో ఎక్కడా లేదు.

మేము బయటికి వచ్చాక లాలా కూడా వచ్చి షటర్ లాగాడు. కింద సందులోంచి పసుపు వెలుగు రోడ్డు మీదికి కారుతోంది. లాలా వంగి తాళం వేస్తుండగా ఒకామె ఆయాసపడుతూ జనంలోంచి వచ్చింది, చలికోటు మెడ దాకా గుండీలు పెట్టుకుని, చేతిలో మడత పెట్టిన చీర. దుకాణం మూసేశారా భాయీ సాబ్, ఫాల్ వేయించాలి, ఎల్లుండికి ఇచ్చెయ్యాలి అని హిందీలో అడిగింది. లాలా తల ఎత్తకుండా తాళం తిప్పుతున్నాడు.

"బఢా దీ హై, బహన్‌జీ," అన్నాను. మాట వెంటనే వచ్చింది. "ఫాల్ మైఁ లగాతీ హూఁ. ముఝే దీజియే, పర్‌సోఁ సుబహ్ మేరే యహాఁ సే లే జాయియే." ఫాల్ నేనే వేస్తాను, నాకివ్వండి, ఎల్లుండి పొద్దున మా ఇంటి దగ్గర తీసుకోండి అని.

"తుమ్హారే యహాఁ, కహాఁ?" మీ ఇల్లంటే ఎక్కడ అంది.

పల్లె పేరు చెప్పాను, గల్లీ చెప్పాను, మెట్లు ఎక్కితే పై గది అని చెప్పాను. ఇంకా అద్దె ఇవ్వని గది. గుర్తేమిటి అని అడిగింది ఆమె. ఒక్కసారే చూశాను, అదీ మసక చీకట్లో, ఎంత వెతికినా ఆ గల్లీలో నాకు ఏ గుర్తూ దొరకలేదు.

"పానీ కీ టంకీ కే సామ్‌నే," అన్నాడు మా ఆయన నా వెనక నుంచి. నీళ్ళ ట్యాంకుకు ఎదురుగా.

ఆమె చీర నా చేతుల్లో పెట్టింది. అది ఇంకా ఒంటి వేడితో వెచ్చగా ఉంది.